మీకు తెలుసా? కరణీకానికి పసివాడైనా వారసుడే

ఒకప్పుడు కోస్తా, రాయలసీమ జిల్లాల్లో కరణం చనిపోతే, మైనారిటీ తీరని కొడుకునైనా కలెక్టరు వారసుడిగా నమోదు చేసేవారు. ఆ పిల్లవాడు పెద్దవాడయ్యేదాకా మరొకరు ఊరి లెక్కలు చూసేవారు.

• 1895 నాటి మద్రాసు చట్టం కింద కరణీకం, మునసబీ (గ్రామపెద్ద పదవి) వంశపారంపర్య పదవులు. వాటిపై పెద్దకొడుకుదే మొదటి హక్కు.

• ఈ వారసత్వ నియామకం రాజ్యాంగానికి విరుద్ధమని సుప్రీంకోర్టు 1960 డిసెంబరులో తీర్పిచ్చింది.

• 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ పదవులనే రద్దు చేసింది.

మీ ముత్తాత కరణమా? అయితే ఆయన తండ్రి, తాత కూడా కరణాలే అయ్యుండొచ్చు. పాత అడంగళ్లలో, దస్తావేజుల చివర వాళ్ల సంతకాలు వెతకండి.