ట్రాక్టరు బలమంతా తగిలింపులోనే

కర్నూలు, కడప మెట్ట రైతుకు వాన ఎంత కురిసిందన్నదాని కంటే పదును ఎన్నాళ్లు నిలుస్తుందన్నదే ముఖ్యం. పత్తికొండ, పులివెందుల వైపు ఎర్రనేలలు ఇట్టే ఆరిపోతాయి. ఆలోపే గుంటక తోలాలి, విత్తనం వేయాలి. పొద్దున గుంటక లాగిన ట్రాక్టరే మధ్యాహ్నానికి విత్తన గొర్రు తగిలించుకుంటోందంటే, ఆ ఘనత ఇంజనుది మాత్రమే కాదు. వెనక ఉన్న మూడు లింకులది: కింద రెండు, పైన ఒకటి. వాటి కథ తెలుసుకోదగ్గది.

తొలినాటి ట్రాక్టర్లు ఎడ్ల మాదిరే నాగలిని ఒక్క చోట తగిలించుకుని ఈడ్చేవి. నాగలి రాయికి తట్టుకుంటే వెనక చక్రాలు ఆగిపోయేవి. ఇంజను మాత్రం ఆగదు. తిరగలేని చక్రాల ఇరుసు చుట్టూ ట్రాక్టరే పైకి లేచి, నడిపేవాడి మీద వెల్లకిలా పడేది. అప్పటి ఫోర్డ్‌సన్ రకం ట్రాక్టర్ల కింద అలా ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు.

1917లో ఐర్లాండు వ్యవసాయ శాఖ ట్రాక్టర్ల పనితీరు మెరుగుపరచమని హ్యారీ ఫెర్గూసన్‌ను కోరింది. 1909లోనే సొంతంగా విమానం కట్టి ఎగిరిన మెకానిక్ అతను. ట్రాక్టరు, నాగలి వేర్వేరు యంత్రాలుగా ఉన్నంత కాలం ఈ ప్రమాదం తప్పదని గ్రహించి, రెంటినీ ఒకే యంత్రంగా కలిపే లింకేజీకి ఏళ్ల తరబడి మెరుగులు దిద్దాడు. 1938లో అమెరికా వెళ్లి హెన్రీ ఫోర్డుకు చూపించాడు. కాగితం లేకుండా చేతులు కలిపి ఒప్పందం చేసుకున్నారు. మరుసటేడు ఆ లింకేజీతో ఫోర్డ్ 9ఎన్ ట్రాక్టరు వచ్చింది. తర్వాత ఆ స్నేహం కోర్టుకెక్కి, 1952లో ఫోర్డు కంపెనీ 92.5 లక్షల డాలర్లు చెల్లించాల్సి వచ్చింది. ఫెర్గూసన్ ట్రాక్టర్ల మీదే 1958లో పర్వతారోహకుడు హిల్లరీ బృందం దక్షిణ ధ్రువం చేరింది. 1960లో మాసీ ఫెర్గూసన్ కంపెనీ సహకారంతో మద్రాసులో ట్రాక్టర్ల కంపెనీ టాఫే మొదలయ్యాక ఆ పరంపర మన పొరుగుకే వచ్చింది.

ఈ లింకేజీ కిటుకు పై లింకులో ఉంది. నాగలికి మట్టి అడ్డుపడితే కింది లింకులు వెనక్కి లాగబడతాయి, పై లింకు ముందుకు నెట్టబడుతుంది. ఆ నెట్టు ట్రాక్టరు ముందు భాగాన్ని నేలకు అదిమి, పైకి లేవకుండా ఆపుతుంది. అదే నెట్టు హైడ్రాలిక్ వాల్వును కదిలిస్తుంది. లిఫ్టు నాగలిని కాస్త ఎత్తుతుంది, దాని బరువు వెనక చక్రాల మీద పడి పట్టు పెరుగుతుంది. ఎడ్ల సేద్యంలో మేడి పట్టినవాడి చెయ్యి చేసే పనిని ఇక్కడ ఒక స్ప్రింగు, కొంచెం నూనె చేస్తాయి.

పనిముట్టును ఒక్క మనిషే తగిలించుకోవచ్చు. ట్రాక్టరును నిదానంగా వెనక్కి తెచ్చి ముందు ఎడమ కింది లింకు తొడగాలి. తర్వాత కుడిది. దాని ఎత్తు తిప్పి సర్దుకునే వీలుంది గనుక గొర్రు కాస్త ఒరిగి ఉన్నా అందుతుంది. చివర పై లింకు. దాన్ని తిప్పి పొడవు మార్చి, గొర్రు వాలు సరిచేయాలి. చిన్న ట్రాక్టర్లకు కింది పిన్ను 22 మిల్లీమీటర్లు, పైది 19. ఈ కొలతలు ప్రపంచమంతా ఒకటే కావడంతో ఊరి వెల్డింగ్ షాపులో చేసిన గొర్రు కూడా కంపెనీ ట్రాక్టరుకు కూర్చుంటుంది.

ట్రాక్టరు పైకి లేవకూడదన్న సూత్రమే ట్రాలీకీ. ట్రాలీ తగిలించే కొక్కెం ఎప్పుడూ ట్రాక్టరు వెనక ఇరుసు కంటే కిందే ఉండాలి. బేతంచెర్ల, ఎర్రగుంట్ల బండలు ఘనమీటరుకు రెండున్నర టన్నులకు పైనే తూగుతాయి. రెండు చక్రాల ట్రాలీలో ఆ బరువు వెనక్కి జరిగితే కొక్కెం పైకి లేచి ట్రాక్టరు చక్రాలు పట్టు కోల్పోతాయి. మరీ ముందుకు జరిగితే ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగు మాట వినదు. బ్రేకు లేని ట్రాలీ దిగుడులో ట్రాక్టరునే తోసేస్తుంది.

ట్రాక్టరు కొనేటప్పుడు అందరం హార్స్‌పవర్ అడుగుతాం. పొలంలో ఆ శక్తి మట్టికి చేరేదీ, రోడ్డు మీద మనిషి ప్రాణం నిలిచేదీ మాత్రం తగిలింపు దగ్గరే. అందుకే పిన్ను అరిగిందేమో, దానికి లాకు పడిందో లేదో బండి తీసే ముందు ప్రతిసారీ చూడాలి.