ఆటగాండ్ర నారుమడి

వరి సాగు చేయు కుటుంబములకు నారుమడి సంగతి ఎవరును చెప్పనక్కరలేదు. పొలము నిండుగ పండినప్పుడు దారిన పోవువారందరును నిలిచి చూతురు. నారుమడి యొద్ద నిలిచి చూచువారు ఆ ఇంటివారు మాత్రమే. అయినను పంట ఎట్లుండబోవునో సగము అక్కడనే తేలిపోవును. ఆటగాండ్ర విషయమును ఇట్టిదే. భారత జట్టు ఆడునాడు పాతగూడెములోను, సిరోంచలోను యువకులు టెలివిజను ముందో, చేతి ఫోను ముందో గుమిగూడుదురు. ఆ పదునొకండుగురు పదునాలుగవ ఏట ఎక్కడ ఆడిరి, పదునారవ ఏట వారిని ఎవరు చూచిరి అని అడుగువారు అరుదు.

ఆ నారుమడి ఏర్పాటును మన పాఠశాల తల్లిదండ్రులకు వివరించుటయే ఈ వ్యాసము ఉద్దేశము. దీనికి కారణము కలదు. సాయంకాలము మైదానమున బంతి వెంట పరుగిడు పిల్లలలో ఏ ఒకరిద్దరికో నిజముగనే ఆట పట్టుబడుచుండును. అప్పుడు తల్లిదండ్రులు రెండు విధముల పొరపడుచుండుట మేము చూచుచున్నాము. కొందరు ఆటయనగా కాలహరణమని కసరి పిల్లవానిని ఇంట కూర్చుండబెట్టుదురు. మరికొందరు ఒక్కనాటి స్కోరు చూచి, చదువు మాన్పించియైనను గొప్ప ఆటగానిని చేయవలెనని తలపోయుదురు. ఈ రెండు పొరపాట్లకును మూలమొక్కటే: మెట్లు ఎన్ని కలవో, ఏ మెట్టు మీద దేనిని చూడవలెనో తెలియకపోవుట.

ఈ నారుమడి పద్ధతిని మిక్కిలి స్పష్టముగ ఏర్పరచుకొన్నవారు అమెరికా దేశపు బేస్‌బాల్ క్లబ్బులవారు. బేస్‌బాల్ మన క్రికెట్టునకు దాయాది వంటి ఆట. ఒకడు బంతి విసరును. మరియొకడు బ్యాటుతో కొట్టి నాలుగు స్థానములను చుట్టివచ్చి పరుగు సంపాదించును. మహారాష్ట్ర పాఠశాల క్రీడల పట్టికలో ఈ ఆటయు, దీనికి చెల్లెలి వంటిదగు సాఫ్ట్‌బాల్ ఆటయు చేరియున్నవి. అక్కడి ప్రధాన లీగున 30 క్లబ్బులు కలవు. 2021 నుండి ప్రతి క్లబ్బునకును దిగువన నాలుగు మెట్ల జట్లు అనుబంధముగ నున్నవి. క్రిందినుండి వాని పేర్లు సింగిల్-ఏ, హై-ఏ, డబుల్-ఏ, ట్రిపుల్-ఏ. అనగా 30 క్లబ్బులకు 120 క్రింది జట్లు. వీనినే మైనరు లీగు జట్లందురు. ఇవి చాలవరకు చిన్న పట్టణములయందు ఆడుచుండును.

ఈ పద్ధతికి వారు పెట్టుకొన్న పేరు ‘ఫార్మ్’, అనగా పొలము. 1920ల దశకమున సెయింట్ లూయిస్ కార్డినల్స్ క్లబ్బును నడిపిన బ్రాంచ్ రిక్కీ అను వ్యవహర్త ధనిక క్లబ్బులతో సమానముగ వెల పెట్టి పేరుగన్న ఆటగాండ్రను కొనజాలకపోయెను. అందుచే చిన్న ఊళ్ల జట్లను తన క్లబ్బునకు చేర్చుకొని, యువకులను అక్కడ పెంచి, ఒక్కొక్క మెట్టే పైకి తెచ్చు మార్గము పట్టెను. కొనలేనివాడు పండించుకొనెనన్నమాట. తరువాత తక్కిన క్లబ్బులును ఆ త్రోవనే అనుసరించినవి.

ఆ దేశమున ఆటను ప్రేమించువారిలో ఒక వర్గము విశేషమైనది. వారు ప్రధాన జట్టు గెలుపోటములతో తృప్తి పడరు. తమ క్లబ్బునకు చెందిన పందొమ్మిదేండ్ల కుర్రవాడు ఎక్కడో చిన్న పట్టణమున నిన్న ఎట్లాడెనో దినదినము చదువుదురు. పైకి రాగలడని ఆశ గొలుపు అట్టి యువకుని ‘ప్రాస్పెక్టు’ అందురు. ఈ ఓపికకు ఫలము కలదు. బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టున 1947లో ఆడి, ఆ లీగున వర్ణభేదపు గోడను కూల్చిన జాకీ రాబిన్సన్ అంతకు ముందు ఏడాది, అనగా 1946లో, మాంట్రియల్ నగరపు క్రింది జట్టున ఆడెను. లోకము చూచుటకు ఒక సంవత్సరము ముందే మాంట్రియల్ ప్రేక్షకులు ఆయనను చూచిరి.

క్రింది మెట్టు సులభమని మాత్రము తలంపరాదు. బాస్కెట్‌బాల్ ఆటలో జగత్ప్రసిద్ధుడైన మైకేల్ జోర్డాన్ 1994లో బేస్‌బాల్ ఆడబూని డబుల్-ఏ జట్టున చేరెను. అక్కడ అతని బ్యాటింగు సగటు .202 మాత్రమే, అనగా రమారమి ఐదు పర్యాయములకు ఒకసారి మాత్రమే బంతిని సఫలముగ కొట్టగలిగెను. మన దేశమునుండి రింకూ సింగ్, దినేశ్ పటేల్ అను ఉత్తరప్రదేశ్ యువకులు, ఈటె విసరుట నేర్చినవారు, 2008లో పిట్స్‌బర్గ్ పైరేట్స్ క్లబ్బుతో ఒప్పందము చేసికొనిరి. క్రింది మెట్ల మీద ఆడిరి గాని ప్రధాన జట్టునకు చేరలేదు. అయినను వారు వెళ్లిన త్రోవ చిన్నది కాదు.

ఇక మన దేశమునకు వత్తము. భారతదేశ క్రికెట్టులోను ఇట్టి మెట్లే కలవు. అయితే ఇవి క్లబ్బుల వెంట గాక రాష్ట్ర సంఘముల వెంట నడచును. బాలుర విషయమున పదునారేండ్ల లోపు వారికి విజయ్ మర్చంట్ ట్రోఫీ, పందొమ్మిదేండ్ల లోపు వారికి కూచ్ బెహార్ ట్రోఫీ, ఇరువది మూడేండ్ల లోపు వారికి కల్నల్ సి. కె. నాయుడు ట్రోఫీ, ఆపైన రంజీ ట్రోఫీ. మహారాష్ట్రయందు మూడు క్రికెట్టు సంఘములు కలవు: ముంబయి, మహారాష్ట్ర, విదర్భ. గడచిరోలి జిల్లా విదర్భ సంఘము పరిధిలోనిది. దాని కేంద్రము నాగపురము. నది దాటినచో అవతలి తెలంగాణ పల్లెలోని బాలుడు హైదరాబాదు సంఘము క్రిందకు వచ్చును. ఒకే భాష మాట్లాడు ఇద్దరు మేనత్త మేనమామ బిడ్డలు, నడుమ ఒక్క నది యుండుటచే, వేర్వేరు నారుమళ్లలో పెరుగుదురు. పిల్లవానిని ఎటు పంపవలెనో తెలిసికొనుటకు ఇది మొదట ఎరుగవలసిన సంగతి.

ఇరువది మూడేండ్ల లోపు పోటీకి ఎవరి పేరు పెట్టబడినదో మన పిల్లలు తప్పక ఎరుగవలెను. కొఠారి కనకయ్య నాయుడు 1895 అక్టోబరు 31న నాగపురమున తెలుగు కుటుంబమునందు జన్మించెను. 1926 డిసెంబరులో బొంబాయి జింఖానా మైదానమున ఇంగ్లండునుండి వచ్చిన ఎం. సి. సి. జట్టుపై 11 సిక్సర్లతో 153 పరుగులు చేసెను. 1932లో లార్డ్స్ మైదానమున భారతదేశము తన మొట్టమొదటి టెస్టు ఆట ఆడినప్పుడు నాయకుడాయనయే. తెలుగు ఇంట పుట్టి, తెలుగు నాడు కాని చోట పెరిగి, దేశమునకే తొలి నాయకుడైన ఆయన పేరు ఈనాడు యువకులెక్కవలసిన ఒక మెట్టునకు నిలిచియున్నది.

విదర్భ కథయు ఓపికను బోధించును. ఆ జట్టు 1957-58లో రంజీ ఆటలలో ప్రవేశించి, దీర్ఘకాలము బలహీన జట్లలో ఒకటిగ నుండెను. అరువది యేండ్లకు, 2017-18లో, మొదటిసారి విజేతయయ్యెను. మరుసటి ఏడు మరల గెలిచెను. 2024-25లో మూడవసారి గెలిచినప్పుడు, కేరళపై నాగపురమున జరిగిన తుది ఆటలో మొదటి ఇన్నింగ్సున 153 పరుగులు చేసిన దానిశ్ మాలేవార్‌కు అదియే తొలి రంజీ సంవత్సరము. ఆ సంవత్సరమే హర్ష్ దూబే 69 వికెట్లు తీసి, ఒక రంజీ సంవత్సరమున ఎవ్వరును తీయనన్ని తీసినవాడయ్యెను. ఇద్దరును ఇరువది రెండేండ్లు దాటనివారే. వారి పేర్లు తుదినాడు విని ఆశ్చర్యపడినవారు క్రింది మెట్ల ఆటలను చూడనివారు.

క్రింది మెట్ల అంకెలను చదువుట ఎట్లో ఇప్పుడు చెప్పెదము. విశాఖపట్టణపు నీతీశ్ కుమార్ రెడ్డి 2017-18 విజయ్ మర్చంట్ పోటీలో 1237 పరుగులు చేసెను. అందులో నాగాలాండుపై ఒక్క ఇన్నింగ్సున చేసినవి 441. ఈ 441 విని మురియుట సహజము. కాని చదువనేర్చినవాడు మూడు ప్రశ్నలు వేయును: ఎదుటి జట్టు బలమెంత? తక్కిన ఆటలలోను నిలకడ యున్నదా? వయస్సు పెరిగి బౌలర్లు బలవంతులైనప్పుడు ఏమగును? ఆ ప్రశ్నలకు ఉత్తరము వచ్చుటకు ఏడేండ్లు పట్టెను. 2024 డిసెంబరులో మెల్‌బోర్న్ మైదానమున ఆస్ట్రేలియాపై అతడు చేసిన 114 పరుగులే ఆ ఉత్తరము.

ఉత్తరము వేరు విధముగ వచ్చుటయు కలదు. 2012లో పందొమ్మిదేండ్ల లోపు వారి ప్రపంచ కప్పు తుది ఆటలో ఉన్ముక్త్ చంద్ 111 పరుగులతో అజేయుడై, నాయకుడుగ భారతదేశమును గెలిపించెను. అయినను భారత ప్రధాన జట్టున అతనికి ఒక్క ఆటయైనను దక్కలేదు. ఇది అతని దోషమని కాదు. ప్రతి మెట్టు మీదను స్థలము ఇరుకగుచుండును. మరియొక ఉదాహరణము దీనికి విరుద్ధము. నాగపుర ప్రాంతపు బొగ్గుగని కార్మికుని కుమారుడు ఉమేశ్ యాదవ్ చిన్నవయస్సు మెట్లెక్కక, ఆలస్యముగ తోలుబంతి పట్టి, 2008లో విదర్భకును, 2011లో భారతదేశమునకును టెస్టు ఆటగాడయ్యెను. నారుమడి వెలుపల మొలచిన మొక్కయు పండవచ్చునని దీనివలన తెలియుచున్నది.

బాలికల తల్లిదండ్రులకు ప్రత్యేకముగ ఒక మాట. మన గోదావరి దిగువనే యున్న భద్రాచలపు బాలిక గొంగడి త్రిష 2025లో పందొమ్మిదేండ్ల లోపు మహిళల టి-20 ప్రపంచ కప్పున స్కాట్లండుపై 110 పరుగులు చేసి అజేయురాలయ్యెను. ఆ పోటీ చరిత్రలో అదియే మొదటి శతకము. మొత్తము 309 పరుగులు చేసి, 7 వికెట్లు తీసి, పోటీ అంతటికిని ఉత్తమ క్రీడాకారిణిగ నిలిచెను. ఆమె ఆటకై కుటుంబము ఊరు విడిచి నగరమునకు పోయెను. అందరును అట్లు పోవలెనని మేము చెప్పము. ఆడపిల్లకు ఈ త్రోవ లేదని మాత్రము ఇక ఎవరును చెప్పజాలరు.

మరి పాతగూడెపు బిడ్డకు మొదటి మెట్టెక్కడ? అది పాఠశాల మైదానమే. ప్రభుత్వ క్రీడాశాఖ జరుపు పాఠశాల పోటీలు 14, 17, 19 ఏండ్ల లోపు వర్గములుగ జరుగును. తాలూకాలో గెలిచినవారు సుమారు రెండు వందల కిలోమీటర్ల దూరమున నున్న గడచిరోలికి జిల్లా పోటీకిని, అక్కడనుండి నాగపుర విభాగమునకును, పిదప రాష్ట్ర పోటీకిని పోవుదురు. కబడ్డీ, ఖో-ఖో, పరుగుపందెములకు ఖరీదైన సామగ్రి అక్కరలేదు. మన పిల్లలు దూరము నడచి, నీట ఈది పెరిగినవారు. వారి బలమెందులో కలదో గమనించి ఆ ఆటయందే ప్రవేశపెట్టుట మేలు.

ఇచట భాషాల్పసంఖ్యాకులమైన మనకు ఒక చిక్కు కలదు. మనము ఇంటిపేరు ముందు వ్రాయుదుము. మరాఠీ పద్ధతిలో స్వంత పేరు, తండ్రి పేరు, పిమ్మట ఇంటిపేరు వచ్చును. ఒకే బిడ్డ పేరు జనన పత్రమున ఒక విధముగ, ఆధారు కార్డున మరియొక విధముగ, పాఠశాల రిజిస్టరున ఇంకొక విధముగ ఉండుట సామాన్యము. పుట్టిన తేదీ తెలియనప్పుడు జూన్ 1 అని వ్రాయించు అలవాటును కలదు. మేమెరిగిన ఒక బాలుడు తాలూకా పోటీలో అందరికన్న ముందు పరుగెత్తియు, రెండు పత్రములలో రెండు తేదీలుండుటచే జిల్లాకు పోలేకపోయెను. వాని కాలు ఓడలేదు, కాగితము ఓడెను. ఆనాటి వాని ముఖము మేము మరువలేదు. క్రికెట్టు బోర్డు పదునారేండ్ల లోపు పోటీలకు ఎముకల ఎదుగుదలను ఎక్స్‌రే తీసి చూచు పరీక్షయు జరుపుచున్నది. కావున వయస్సు తగ్గించి వ్రాయించుట లాభమని తలంపవలదు. బిడ్డ అయిదవ తరగతి దాటకముందే పత్రములన్నియు ఒక్క తీరున సరిచేయించుడు.

చివరగా మా విన్నపము. నారుమడిలోని నారు దాదాపు అంతయు పొలము చేరును. ఆటల నారుమడిలో అట్లు కాదు. అమెరికాలోను, మన దేశములోను పై మెట్టు చేరువారు చాల కొద్దిమంది. అందుచే చదువును విడువరాదు. చదువు బిడ్డకు రెండవ పొలము. ఆటలో పొందిన పత్రమును ఊరక పోదు. మహారాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగములలో అర్హులైన క్రీడాకారులకు 5 శాతము స్థానములు ప్రత్యేకింపబడినవి. కాని ఆ ఉద్యోగమునకైనను చదువు కావలెను.

ఒక చిన్న నోటు పుస్తకము కొని బిడ్డ ఆడిన ప్రతి ఆటను తేదీతో వ్రాసి పెట్టుడు: ఎవరితో ఆడెను, ఏమి చేసెను, క్రిందటి ఏటికన్న ఏమి నేర్చెను. ఒక్క దినపు స్కోరుతో పొంగవలదు, ఒక్క ఓటమితో క్రుంగవలదు. మూడేండ్ల లెక్క చూచి నిర్ణయించుడు. వీలైన నాడు మైదానము గట్టున వచ్చి కూర్చుండుడు. పెద్ద ఆటలను చూచుటకు లోకమంతయు కలదు. ఈ చిన్న ఆటను చూచుటకు మీరు తప్ప ఎవరును లేరు.