సాయంత్రం ఏడింటి కరెంటు

2025 జూన్ నాటికి మన దేశంలో కరెంటు తయారు చేసే ప్లాంట్లన్నిటి సామర్థ్యం కలిపితే దాదాపు 485 గిగావాట్లు. అందులో సగం బొగ్గూ గ్యాసూ కాల్చనివే. ఎండ, గాలి, నీళ్ళు, అణువిద్యుత్తు అన్నీ కలిపి ఈ సగం. 2030కల్లా సాధిస్తామని ప్రపంచానికి మాటిచ్చిన లక్ష్యం ఇది. ఐదేళ్ళు ముందే అందుకున్నాం. ప్రభుత్వం గర్వంగా చెప్పుకుంది, చెప్పుకోవాల్సిన విషయమే.

ఇప్పుడు ఇంకో అంకె చూడండి. ఇదే దేశంలో ఏడాది పొడవునా తయారయ్యే ప్రతి 100 యూనిట్లలో సుమారు 70 ఇప్పటికీ బొగ్గు నుంచే వస్తున్నాయి.

సామర్థ్యంలో సగం ఉన్నవాడు పనిలో మూడో వంతు కూడా చేయట్లేదేంటి? ఎవరో అబద్ధం చెప్తున్నారా? లేదు, రెండు అంకెలూ నిజమే. బండి స్పీడోమీటర్‌ మీద 120 దాకా అంకెలుంటాయి. అది బండి ఎంత స్పీడుగా పోగలదో చెప్తుంది. ఈరోజు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చెప్పదు. మెగావాట్ అంటే మొదటిది, మన మీటర్లో తిరిగే యూనిట్ అంటే రెండోది. పేపర్లో ‘ఇన్ని వేల మెగావాట్ల ప్రాజెక్టు’ అని హెడ్డింగ్ వచ్చినప్పుడల్లా ఈ తేడా గుర్తుపెట్టుకుంటే సగం గందరగోళం పోతుంది.

ఉమ్మడి కర్నూలు జిల్లాలో గని, శకునాల గ్రామాల దగ్గర 2017లో పూర్తయిన సోలార్ పార్కునే తీసుకుందాం. 1000 మెగావాట్లు, దాదాపు 6 వేల ఎకరాలు. అక్కడ సగటున రోజుకి 55, 60 లక్షల యూనిట్లు వస్తాయి. అదే 1000 మెగావాట్ల బొగ్గు ప్లాంటు ఓ మోస్తరుగా నడిచినా రోజుకి కోటీ 90 లక్షల యూనిట్లు ఇస్తుంది. మూడింతలు. కాకపోతే దానికి రోజూ సుమారు 13 వేల టన్నుల బొగ్గు తిండి పెట్టాలి. అంటే మూడు నాలుగు గూడ్సు రైళ్ళు.

తక్కువ వస్తే ఏముంది, మూడింతలు సోలార్ కట్టుకుంటే సరి అనిపిస్తుంది. ధర కూడా భయపెట్టేలా లేదు. 2021లో ఆంధ్రప్రదేశ్ కేంద్ర సంస్థ సెకితో కుదుర్చుకున్న ఒప్పందంలో సోలార్ యూనిట్ ధర 2 రూపాయల 49 పైసలు. (ఆ ఒప్పందం చుట్టూ లేచిన రాజకీయ దుమారం వేరే కథ, దాని జోలికి ఇక్కడ పోను.) కొత్తగా కట్టే ఏ బొగ్గు ప్లాంటూ ఆ ధరకి కరెంటివ్వలేదు. మరి చిక్కెక్కడుంది?

గడియారంలో ఉంది.

రోజుకి 96 పరీక్షలు

కరెంటుని బియ్యంలా గోడౌన్లో పోసి దాచలేం. ఈ క్షణం ఎంత వాడుతున్నామో ఈ క్షణమే అంత తయారు కావాలి. దేశం మొత్తానికీ ఉన్న ఒకే గ్రిడ్ సెకనుకి 50 సార్లు కొట్టుకునే గుండెలాంటిది. వాడకం ఎక్కువై ఉత్పత్తి తగ్గితే ఆ లెక్క 50 కిందికి జారుతుంది, మరీ జారితే లైన్లు వాటంతటవే ట్రిప్ అవుతాయి. 2012 జులైలో ఉత్తర, తూర్పు రాష్ట్రాల్లో గ్రిడ్ కుప్పకూలినప్పుడు 60 కోట్లమంది చీకట్లో ఉన్నారు. అందుకే హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ లోడ్ డిస్పాచ్ సెంటర్లలో కూర్చునే ఇంజినీర్లు రోజుని 15 నిమిషాల చొప్పున 96 ముక్కలు చేసి, ఒక్కో ముక్కకి ఎవరు ఎంత ఇవ్వాలో లెక్క వేస్తారు.

ఇందులో మధ్యాహ్నం ముక్కలు ఇప్పుడు తేలిక. పన్నెండింటికి సోలార్ పొంగిపోతుంది. కరెంటు అమ్మకాలు జరిగే ఎక్స్ఛేంజీలో ఆ వేళ యూనిట్ రెండు రూపాయలకీ, అంతకన్నా తక్కువకీ దొరికిన రోజులున్నాయి. ఐదున్నర దాటిందంటే కథ మారుతుంది. ప్యానెళ్ళు ఒక్కొక్కటే చల్లబడతాయి. సరిగ్గా అప్పుడే వీధి దీపాలు వెలుగుతాయి, ఆఫీసుల నుంచి వచ్చినవాళ్ళు ఏసీ వేస్తారు, వంటింట్లో మిక్సీలూ ఇండక్షన్ స్టవ్‌లూ మొదలవుతాయి. ఏడింటికి సోలార్ సున్నా, వాడకం కొండెక్కి కూర్చుంటుంది. ఎక్స్ఛేంజీలో అదే యూనిట్ పది రూపాయలు తాకుతుంది. పదికి మించకూడదని కేంద్ర నియంత్రణ సంస్థ గీత గీసింది కాబట్టి అక్కడ ఆగుతుంది, లేకపోతే ఎక్కడిదాకా పోయేదో.

ఆ వేళ ఆదుకునేది బొగ్గే. కానీ బొగ్గు ప్లాంటు మన ఇంట్లో గ్యాస్ స్టవ్ కాదు, తిప్పితే వెలగడానికి. పూర్తిగా చల్లారిన బాయిలర్‌ని మళ్ళీ రాజేసి ఫుల్ లోడ్‌కి తేవాలంటే గంటలు గంటలు పడుతుంది. సాయంత్రం కావాలంటే మధ్యాహ్నం కూడా దాన్ని సన్న మంట మీద ఉంచాల్సిందే. ఇదివరకు 55 శాతం లోడ్ దాకా దించేవాళ్ళు. ఇప్పుడు 40 దాకా దించేలా మార్చుకోమని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధన పెట్టింది. రోజూ మధ్యాహ్నం దించడం, సాయంత్రం ఎక్కించడం వల్ల పైపులు వేడెక్కి చల్లబడి, మళ్ళీ వేడెక్కి, తొందరగా అరుగుతాయి. అవి ఇరవై నాలుగ్గంటలూ ఒకే తీరున నడవడానికి కట్టిన యంత్రాలు.

ఇంకో సంగతి. మధ్యాహ్నం చౌక కరెంటు వద్దనుకుని, సాయంత్రం ఖరీదైనది కొన్నప్పుడు ఆ తేడా ఎక్కడికి పోతుంది? డిస్కం దగ్గర కొన్నాళ్ళు అప్పుగా ఉంటుంది. తర్వాత ట్రూ అప్ అనో, ఇంధన సర్దుబాటు ఛార్జీ అనో పేరు మార్చుకుని మీ బిల్లులో అడుగున ఓ లైనుగా తేలుతుంది. బిల్లు చూసి లైన్‌మన్‌ని తిట్టేవాళ్ళని చూశాను. అతనేం చేస్తాడు పాపం.

మోటారు వేసే వేళ

మన రెండు రాష్ట్రాలకీ ఈ విషయంలో ఓ వరం ఉంది. అందరూ దాన్ని శాపం అంటారు. అదే వ్యవసాయ కరెంటు.

తెలంగాణలో పాతిక లక్షలకు పైగా వ్యవసాయ కనెక్షన్లున్నాయి. 2018 జనవరి 1 నుంచి వాటికి 24 గంటల ఉచిత సరఫరా మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో పగటిపూట తొమ్మిది గంటలు. అంతకుముందు సంగతి పల్లెల్లో పెరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. త్రీ ఫేజ్ ఏ అర్ధరాత్రో ఇచ్చేవాళ్ళు. టార్చిలైటు పట్టుకుని, గట్ల మీద నడిచి, తడి చేతులతో స్టార్టర్ నొక్కి, పాము కాటుకీ షాకుకీ పోయిన రైతులు ప్రతి మండలంలోనూ ఉన్నారు. ఆ రోజుల్లో రైతుకి రాత్రి కరెంటెందుకిచ్చారు? రాత్రి పరిశ్రమలూ ఇళ్ళూ తక్కువ వాడతాయి, బొగ్గు ప్లాంటు ఆపడం కుదరదు, మిగిలింది రైతుకి. అంటే బొగ్గు టైం టేబుల్ ప్రకారం రైతు నిద్ర మానుకున్నాడు.

సోలార్ వచ్చాక ఈ లెక్క తిరగబడింది. ఇప్పుడు మిగులు ఉండేది మిట్టమధ్యాహ్నం. ఆస్పత్రినీ, రైలునీ, ఇంట్లో ఫ్యానునీ ‘పొద్దున పదికి రా, నాలుక్కి ఆగు’ అనలేం. పొలంలో మోటారుని అనొచ్చు, రైతుకీ అదే కావాలి. వ్యవసాయ ఫీడర్లని ఊరి లైన్ల నుంచి విడదీసి, సబ్‌స్టేషన్ పక్కనే చిన్న సోలార్ ప్లాంటు పెట్టి పగలంతా వాటికిస్తే, పెద్ద లైన్ల మీద బరువు కూడా తగ్గుతుంది. 2019లో కేంద్రం తెచ్చిన కుసుమ్ పథకంలో ఈ ఏర్పాటుకి దారుంది. ఉచిత విద్యుత్తు మీద విరుచుకుపడేవాళ్ళు డబ్బు లెక్క ఒక్కటే చూస్తారు, వేళ లెక్క చూడరని నా అభిప్రాయం. అయితే వాళ్ళ మాటలో ఒక నిజం మాత్రం ఒప్పుకోవాలి. మీటరు లేని మోటారు ఎంత తోడిందో ఎవరికీ తెలీదు, బోరు అడుగంటేదాకా. సోలార్ అయినంత మాత్రాన భూగర్భ జలం పెరగదు కదా.

అలాగని పొలం ఒక్కటే సాయంత్రం సమస్యని తీర్చలేదు. యాసంగి వరికి నీళ్ళు పెట్టే మార్చి నెలలో తెలంగాణ డిమాండ్ 2025లో 17 వేల మెగావాట్లు దాటింది. పైగా డిమాండ్ కొత్త దిక్కుల నుంచీ వస్తోంది. విశాఖలో గూగుల్ ప్రకటించిన డేటా సెంటర్ గిగావాట్ స్థాయిది. సర్వర్లకి పగలూ రాత్రీ తేడా లేదు. అర్ధరాత్రి మీరు చూసే రీల్‌కి కూడా ఎక్కడో ఓ బాయిలర్ మండుతూ ఉంటుంది, మా వృత్తి వాళ్ళం దీన్ని సౌకర్యంగా మర్చిపోతుంటాం.

కిందికి వదిలిన నీళ్ళు పైకి

మధ్యాహ్నం మిగిలింది సాయంత్రానికి దాచాలి. బ్యాటరీలు ఆ పని చేస్తాయి, వాటి ధరలు కూడా బాగా దిగుతున్నాయి. రెండు మూడు గంటల అవసరానికి అవి బాగానే ఉంటాయి. ఆరేడు గంటలు ఇవ్వాలంటే పాత పద్ధతే ఇంకా గట్టిది. మధ్యాహ్నం మిగులు కరెంటుతో కింది చెరువులోని నీళ్ళని పై చెరువుకి తోడడం, సాయంత్రం వదిలి టర్బైన్ తిప్పడం. నాలుగు యూనిట్లు ఖర్చు పెడితే మూడు చిల్లర తిరిగొస్తాయి. ఎక్స్ఛేంజీలో రెండు రూపాయలకీ పది రూపాయలకీ ఉన్న తేడాలో ఆ నష్టం ఓ లెక్క కాదు.

ఇదేదో కొత్త విదేశీ టెక్నాలజీ అనుకునేరు. నాగార్జునసాగర్‌లో ఎనిమిదింట ఏడు యంత్రాలు ఇలా రెండువైపులా తిరగగలిగేవే. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో ఆరూ అంతే, ఒక్కోటి 150 మెగావాట్లు. 2020 ఆగస్టు 20 రాత్రి మంటలు చెలరేగి తొమ్మిదిమంది ప్రాణాలు పోయింది ఆ కేంద్రంలోనే. కొండ లోపల అంత లోతున ఇంజినీర్లు పని చేస్తారన్న సంగతి చాలామందికి ఆరోజే తెలిసింది.

యంత్రాలున్నా నీళ్ళ దగ్గర చిక్కొస్తుంది. శ్రీశైలం, సాగర్ ముందు సాగునీటి కోసం, తాగునీటి కోసం. 2021 జులైలో తెలంగాణ కరెంటు కోసం నీళ్ళు వదిలితే, మా సాగునీరు వృథాగా పోతోందని ఆంధ్రప్రదేశ్ అభ్యంతరం చెప్పింది. ప్రాజెక్టుల దగ్గర రెండు రాష్ట్రాల పోలీసులూ మోహరించారు. కృష్ణా నీళ్ళ పంపకం తేలకుండా ఆ యంత్రాలు రోజూ రెండువైపులా తిరగడం కష్టం. అందుకే ఇప్పుడు నదికి దూరంగా, కొండల మీద రెండు చెరువులు కట్టి, ఒకసారి నింపిన నీళ్ళనే కిందికీ పైకీ తిప్పే ప్రాజెక్టులవైపు మొగ్గు. నంద్యాల జిల్లా పిన్నాపురంలో గ్రీన్‌కో సంస్థ తలపెట్టిన 1680 మెగావాట్ల ప్రాజెక్టు ఆ రకమే. పక్కనే ఎండ, పైన గాలి, మధ్యలో కొండ. రాయలసీమ రైతుకి పంట ఇవ్వని ఆ ఎండా ఆ గాలీ కరెంటుకి కలిసొచ్చాయి.

సింగరేణి సంగతేంటి?

లెక్కలన్నీ కుదిరాయనుకుందాం. అప్పుడు గోదావరిఖని, మంచిర్యాల, ఇల్లందుల పరిస్థితేంటి?

సింగరేణిలో 1990ల మొదట్లో లక్షమందికి పైగా పని చేసేవారు. ఇప్పుడు పర్మినెంటు ఉద్యోగులు 40 వేల ప్రాంతంలో ఉన్నారు. ఇదంతా సోలార్ చేసిన పని కాదు. భూగర్భ గనులు మూతపడి, ఓపెన్‌కాస్టులూ పెద్ద యంత్రాలూ రావడంతో జరిగింది. బొగ్గు మాత్రం తగ్గలేదు, 2023-24లో ఏకంగా 7 కోట్ల టన్నులు తవ్వారు. కార్మికులు తగ్గితే ఊరెలా మారుతుందో బెల్లంపల్లికి వెళ్ళి చూస్తే చాలు. దసరాకి లాభాల వాటా పడిందంటే బట్టల కొట్టు నుంచి బంగారం కొట్టు దాకా కోల్ బెల్టులో బజారంతా కదులుతుంది. సోలార్ పార్కులో అలా ఉండదు. కట్టేటప్పుడు వేలమంది, కట్టాక ప్యానెళ్ళు కడిగేవాళ్ళూ కాపలా ఉండేవాళ్ళూ కొద్దిమంది. బొగ్గు మీద వచ్చే రాయల్టీ, రైల్వే కిరాయి లాంటి ఆదాయాలు ఎండ మీద రావు.

రామగుండం ఎన్టీపీసీలో రెండు కాలాలూ ఒకే కాంపౌండులో కనిపిస్తాయి. 2600 మెగావాట్ల బొగ్గు ప్లాంటు, దాని రిజర్వాయర్ మీద 2022లో పూర్తయిన 100 మెగావాట్ల తేలే సోలార్. దాదాపు 500 ఎకరాల నీటి మీద పరుచుకుంది. భూసేకరణ గొడవ లేదు, నీళ్ళు ఆవిరవడం కూడా తగ్గుతుంది. సింగరేణి కూడా సొంతంగా 200 మెగావాట్లకు పైగా సోలార్ పెట్టుకుంది. కానీ ఆ పక్కనే కొత్తగా 800 మెగావాట్ల బొగ్గు యూనిట్లు రెండు లేచాయి. నల్గొండ జిల్లా దామరచర్లలో యాదాద్రి ప్లాంటు 4 వేల మెగావాట్లు, 2024 డిసెంబరులో ఒక యూనిట్‌ని జాతికి అంకితం చేశారు. గనులకి అంత దూరంలో ఎందుకు కట్టారన్నది ఇప్పటికీ వాదనే. దూరం పెరిగితే రైలు కిరాయి పెరుగుతుంది, అదీ బిల్లులోకే వస్తుంది.

బొగ్గు ప్లాంటు కట్టామంటే కనీసం పాతికేళ్ళు నడపాలి, లేకపోతే అప్పు తీరదు. యాదాద్రి యూనిట్లు 2050 దాకా ఉంటాయి. ఈ ఏడాది గోదావరిఖనిలో ఐటీఐలో చేరే పదిహేడేళ్ళ కుర్రాడికి అప్పటికి నలభై దాటుతుంది. అతను ఫిట్టరు పని నేర్చుకుంటే బాయిలర్ పైపులూ రిపేరు చేయగలడు, రెండువైపులా తిరిగే టర్బైనూ బాగు చేయగలడు. మొదటి పని ఇంటి దగ్గరుంది. రెండోది ప్రస్తుతానికి నంద్యాల కొండల్లో ఉంది. సింగరేణి తవ్వి వదిలేసిన ఓపెన్‌కాస్టు గోతుల్లో కింది చెరువు, పక్కనున్న మట్టి గుట్టల మీద పై చెరువు పెట్టొచ్చన్న ఆలోచన ఉంది. అది కుదిరిన చోట అతని రెండో పని కూడా ఊళ్ళోకే వస్తుంది.