ఒకే రోజు ఇద్దరు పునీతులు

పంజగుట్ట చౌరస్తా నుంచి గ్రీన్‌లాండ్స్ మీదుగా బేగంపేటకు పోయే దారి ఖైరతాబాదు, అమీర్‌పేట వాసులకు కొత్తది కాదు. ఆ బేగంపేటలోనే సెయింట్ ఫ్రాన్సిస్ మహిళా కళాశాల ఉన్నది. అది 1959లో మొదలైనది. ఈ చుట్టుపక్కల ఇళ్ళలో తల్లీ చదివి, కూతురూ చదివిన కళాశాల అది. గేటు మీద ఉన్నది ఫ్రాన్సిస్ పేరు. కాని దానిని స్థాపించిన మఠకన్యల సభ పేరులో మరి ఇద్దరు స్త్రీలు ఉన్నారు. ఒకరు బార్తొలొమేయా కపితానియో, రెండవవారు విన్చెంజా జెరోసా. ఈ పేర్లు మన నాలుకకు తిరగవు. వారి కథ మాత్రం మన వీధిలో జరిగినట్టే ఉంటుంది.

ఆ కథకు ముందు పంచాంగం సంగతి ఒకటి చెప్పుకోవాలి. మనం త్యాగరాజస్వామిని పుష్య బహుళ పంచమినాడు, అంటే ఆయన సిద్ధి పొందిన తిథినాడు ఆరాధిస్తాము. నాంపల్లిలోని యూసుఫైన్ దర్గాలో ఏటా ఉర్సు జరుగుతుంది. ఉర్సు అంటే పెళ్ళి అని అర్థం. మహాత్ముడు కన్నుమూసిన రోజు ఆయనకు భగవంతునితో కలయిక జరిగిన రోజని భావం. కతోలిక క్రైస్తవులదీ ఇదే లెక్క. పునీతులు మరణించిన రోజునే వారు లాటిను భాషలో పుట్టినరోజు అంటారు, పరలోకంలో పుట్టిన రోజు అన్నమాట. ఈ లోకంలో పుట్టినరోజు పండుగ జరిగేది క్రీస్తుకూ, మరియమ్మకూ, స్నాపక యోహానుకూ మాత్రమే. మరియమ్మది సెప్టెంబరు 8. వేళాంగణ్ణి మాత ఉత్సవమూ ఆనాడే. వినాయకచవితి తరచు ఆ రోజులకు దగ్గరలోనే వస్తుంది గనుక, ఖైరతాబాదులో ఒక పక్క గణపతి పందిరి, మరొక పక్క ఆరోగ్యమాత గుడి కళకళలాడుతుంటవి.

కతోలిక లోకానికంతటికీ కలిపి ఒక పంచాంగం ఉన్నది. 1969లో దానిని సంస్కరించి చాలా పండుగలను తగ్గించారు. అది గాక ఒక్కొక్క మఠసభకు సొంత పంచాంగం ఉంటుంది. అందరి పంచాంగంలో చోటు లేని పునీతులు కూడా తమ సభ పంచాంగంలో పెద్దపీట మీద కూర్చుంటారు. ఇది ఊరి జాతర వంటిది. పంచాంగకర్త రాసినా రాయకపోయినా ఆ ఊరివారికి అదే పెద్ద పండుగ గదా!

ఇక కథ. ఇటలీ ఉత్తర భాగాన ఇజేయో అనే సరస్సు ఒడ్డున లోవెరె అనే చిన్న పట్టణం ఉన్నది. 1807 జనవరి 13న అక్కడ బార్తొలొమేయా పుట్టినది. తండ్రి ధాన్యం వ్యాపారి. తాగుడు అలవాటున్న మనిషి. చీకటి పడ్డాక ఆయనను సారా కొట్టు నుంచి బుజ్జగించి ఇంటికి తీసుకురావటం ఈ పిల్ల వంతు. చిన్నప్పుడు మఠం బడిలో తోటి బాలికలతో కలిసి, ఎవరు ముందు పునీతురాలవుతారో చూద్దామని పుల్లలు తీసినది. పొడుగు పుల్ల ఆమెకే వచ్చినది. మిగిలిన పిల్లలకు అది ఆట, ఆమెకు మాత్రం అది ఆట కాలేదు. మఠంలో చేరతానంటే తల్లిదండ్రులు ఒప్పుకోక ఇంటికి తెచ్చుకున్నారు. ఆమె ఉపాధ్యాయిని పరీక్ష ప్యాసై, బీదపిల్లల కోసం సొంత ఇంట్లోనే బడి పెట్టినది.

అదే ఊళ్ళో కాతెరీనా జెరోసా ఉన్నది. 1784లో పుట్టినది, అంటే ఇరవైరెండేళ్ళు పెద్ద. వారిది తోళ్ళ వ్యాపారం చేసే కలిగిన కుటుంబం. డబ్బుతోపాటు అన్నదమ్ముల తగాదాలూ ఉన్నవి. తండ్రి పోయినాక తల్లిని ఆ ఇంటినుంచి పంపివేశారు. ఉమ్మడి కుటుంబంలో ఇట్టి దుఃఖం ఎట్లా ఉంటుందో మన ఆడవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. కాతెరీనా నోరు మెదపక సహించినది. కాలక్రమాన ఆస్తి తన చేతికి వచ్చినప్పుడు బీదలకు ఖర్చు చేసినది. 1826లో జెరోసాల సొమ్ముతో ఊళ్ళో చిన్న ఆస్పత్రి తెరిచారు. లెక్కాడొక్కా చూడటానికి బార్తొలొమేయా వచ్చినది. ఆ విధంగా ఇద్దరూ కలిశారు.

ఇద్దరి స్వభావాలూ వేరు. చిన్నది నిప్పుకణిక, పెద్దది కదలని దీపం. నాలుగు గోడల మధ్య ఉండిపోక, రోగుల దగ్గరకూ బీదపిల్లల దగ్గరకూ పోయే కన్యల సభ కావాలని బార్తొలొమేయా సంకల్పం. అది ఎట్లా ఉండాలో ముందే కాగితం మీద రాసిపెట్టినది. తనవంటి దానికి ఇంత పని ఎందుకని కాతెరీనా వెనుకాడినది. చివరకు 1832 నవంబరు 21న ఇద్దరూ కలిసి ఒక చిన్న ఇంట్లో సభకు ప్రారంభం చేశారు.

ఎనిమిది నెలలు గడిచినవి. 1833 జూలై 26న క్షయవ్యాధితో బార్తొలొమేయా మరణించినది. అప్పటికామెకు ఇరవై ఆరేళ్ళు. పెద్దామె దిక్కుతోచక, ఇంతటితో సరి, ఇంటికి వెళ్ళిపోదామనుకున్నది. ఆ నిమిషాన వెళ్ళిపోయి ఉంటే ఈ కథ లేదు. సలహా ఇచ్చే గురువు ఆంజెలో బోజియో ధైర్యం చెప్పగా ఉండిపోయినది. తాను కనని కలను తాను మోసినది. 1836లో కలరా వచ్చినప్పుడు ఆమెతో ఉన్న కన్యలు రోగులను విడిచిపోలేదు. 1840లో పోపు పదహారవ గ్రెగరీ సభను ఆమోదించినారు. మరుసటి ఏడు వ్రతాలు పుచ్చుకొని కాతెరీనా విన్చెంజా అయినది. 1842లో సభ మిలాను నగరానికి చేరినది. 1847లో ఆమె కన్నుమూసినది.

అప్పటికి వారిలో ఎవరూ మన దేశం చూడలేదు. తరువాత మిలాను మిషనరీలు 1855లో వంగదేశానికీ, మన హైదరాబాదుకూ వచ్చారు. వారి వెనుక 1860లో నలుగురు కన్యలు వంగదేశంలోని కృష్ణనగరం చేరుకున్నారు. ఆ నలుగురితో మన దేశంలో పడిన అడుగే దాదాపు నూరేళ్ళకు బేగంపేట కళాశాల దాకా వచ్చినది.

పునీతుల జాబితాలో కూడా చిన్నదే ముందు నడిచినది. ఆమెను 1926లో, పెద్దామెను 1933లో ధన్యులుగా ప్రకటించారు. పునీతులుగా మాత్రం ఇద్దరినీ ఒకేనాడు ప్రకటించారు. 1950 మే 18న రోములో పన్నెండవ పయస్ పోపు ఆ ప్రకటన చేశారు. సభవారు ఇద్దరినీ కలిపి తలుచుకునేది ఆ మే 18నే. బార్తొలొమేయా మరణించిన జూలై 26 అందరి పంచాంగంలో మరియమ్మ తల్లిదండ్రులైన అన్నమ్మ, జోవాకీములది. మామూలు లెక్క ప్రకారం ఈ ఇద్దరికీ రెండు మరణదినాలు, రెండు పండుగలు రావాలి. ఈ సభ పంచాంగం వారిని విడదీయలేదు.

మనం సంస్థాపకులకు విగ్రహాలు పెడతాము, వారి ఫొటోకు దండ వేస్తాము. వారు పోయినాక దీపం ఆరకుండా నూనె పోసినవారి పేరు మన పుస్తకాలలో తరచు కనిపించదు. ఏ బడి చరిత్ర తిరగేసినా, ఏ గ్రంథాలయం చరిత్ర తిరగేసినా ఇదే వరస. మొదలుపెట్టిన ఉత్సాహికీ, భయపడుతూనే నిలబడిన మనిషికీ ఒకే రోజున, ఒకే వరసలో నమస్కారం పెట్టటం ఈ చిన్న పంచాంగంలో నాకు నచ్చిన విషయం.

మే 18 నాటికి మన కళాశాలలకు సాధారణంగా వేసవి సెలవులు. ఆనాడు తరగతి గదులలో పిల్లలుండరు. అందుచేతనే కాబోలు, అక్కడ చదివిన చాలామందికి ఈ రెండు పేర్లూ తెలియవు. మీ ఇంట్లో ఆ కళాశాలలో చదివినవారుంటే ఒకసారి అడిగి చూడండి. తెలియదంటే, ఈ కథ మీరే చెప్పవచ్చును.