కొలత తెలిసిన గీత

“బొమ్మలు గీచుటకు బడిలో ఒక గంట యేల?” అని తలిదండ్రులు కొందఱు ప్రశ్నించుట కలదు. ప్రశ్న న్యాయమైనదే. ఇంటిపనికిని పొలముపనికిని అక్కఱకు వచ్చు బిడ్డను బడికి పంపినవారు ఆ గంటకు ఫలమేమని యడుగక మానరు. సాంకేతిక చిత్రణమనగా నేమో, దానిని మొదట చేతితోను పిమ్మట కంప్యూటరుతోను ఏల నేర్పవలయునో తెలుపుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

ముందుగా బొమ్మకును కొలతపటమునకును గల భేదమును గ్రహింపవలెను. రాజమహేంద్రవరమున దామెర్ల రామారావు (1897–1925) గారి స్మారక చిత్రశాల కలదు. అట్టి చిత్రకారుని పని మన మనస్సును కదలించుట. గోదావరిపై దూరముననున్న పడవను అతడు చిన్నదిగ వ్రాయును; కంటికట్లే తోచును గాన అది తప్పు కాదు. కాని ఆ చిత్రమును ముందిడుకొని వడ్రంగి పడవ కట్టజాలడు. పలక పొడవెంత, మందమెంత, వంపెంత అని అతడు ప్రశ్నించును. చిత్రము మాఱు పలుకదు. కొలతపటము ఈ ప్రశ్నలకన్నిటికిని ఉత్తరము చెప్పుటకే పుట్టినది. ఒకని తలంపును, అతడు దగ్గఱ లేకున్నను, వేఱొకని చేయి తప్పక నెఱవేర్చునట్లు చేయు భాష యిది.

ఈ భాషయొక్క విలువను మన యేటియొడ్డుననే చూడవచ్చును. సర్ ఆర్థర్ కాటన్ గారి ఆనకట్ట 1847లో మొదలై 1852లో ముగిసినది. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా ఏటికి అడ్డముగ సాగిన యా పనిలో వేలకొలది కూలీలు పాల్గొనిరి. ప్రతి చోటను తానే నిలువబడి చెప్పుట ఏ యింజనీరునకును సాధ్యము కాదు. అతనికి మాఱుగా పటము నిలువవలయును. రాజమహేంద్రవరపు హేవలాక్ వంతెన 1897లో ఆరంభమై 1900లో ముగిసి, 1997 వఱకు రైళ్లను మోసినది. దానికి ఖానాలు 56. ఒక్కొక్కటి 150 అడుగులు. ఒక్కొక్క ఖానాలో ఒక్క అంగుళము తేడా వచ్చి, ఆ తేడాలన్నియు ఒకే వైపునకు పేరుకొన్నచో, ఆవలి యొడ్డు చేరునప్పటికి తేడా 4 అడుగుల 8 అంగుళములగును. గీతలో సత్యము తప్పినచో ఇనుములోను రాతిలోను అది పెరుగునే గాని తరుగదు.

ఇక పటము గీయు పద్ధతిని ఇంటి వస్తువుతోనే తెలిసికొందము. మన వంటయింటి కత్తిపీటను తీసికొనుడు. పైనుండి చూచినచో పీట నిలువుచతురస్రముగను, కత్తి సన్నని పట్టెగను కనబడును; కత్తి యెత్తు తెలియదు. ప్రక్కనుండి చూచినచో కత్తి వంపంతయు తెలియును గాని పీట వెడల్పు తెలియదు. కొననుండి చూచినచో వెడల్పును ఎత్తును తెలియును, పొడవు తెలియదు. ఏ యొక్క చూపును చాలదు. మూడును కలిసినచో వస్తువు పూర్తియగును. ఇట్లు వస్తువును లంబముగ నున్న తలములపై చూపు శాస్త్రమును ఫ్రాన్సు దేశపు గణితవేత్త గాస్పార్ మోంజ్ క్రమపఱచి 1795లో పారిసున బోధించెను. మన దేశమున పాటించు ప్రథమకోణ పద్ధతిలో ఎదుటి చూపునకు క్రింద పైచూపును, ఎడమప్రక్క చూపును దానికి కుడివైపునను గీయవలెను.

గీతలకును వ్యాకరణము కలదు. కంటికి కనబడు అంచు ముదురు గీత. పీటలో దిగి మఱుగుపడిన కత్తి కాడ విఱుగు గీత. వలయపు మధ్యరేఖ పొడుగు, పొట్టి తునుకలు కలిసిన గొలుసు గీత. కొలత చూపునది సన్నని గీత. పీట పొడవు 400 మి.మీ. అయినచో, నాలుగవ వంతు స్కేలున కాగితముపై 100 మి.మీ. గీయుదుము, అంకె మాత్రము 400 అనియే వ్రాయుదుము. పనివాడు గీతను కొలువరాదు, అంకెను చదువవలెను. వర్షకాలపు తేమకు కాగితము సాగవచ్చును, అంకె సాగదు.

కంప్యూటరు ఈ విద్యలో తరువాత ప్రవేశించినది. 1963లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున ఇవాన్ సదర్లాండు తన ‘స్కెచ్‌ప్యాడ్’ ద్వారా వెలుగుకలముతో తెఱపై గీతలు గీచుట సాధ్యమని చూపెను. ‘ఆటోక్యాడ్’ 1982లో వెలువడెను. పాత ఆనకట్టకు మాఱుగా 175 తలుపులతో కట్టిన కాటన్ బ్యారేజి ముగిసినదియు ఆ యేడే. క్యాడ్ పటమున వస్తువును నిజమైన కొలతతోనే గీచి, అచ్చువేయునప్పుడు మాత్రమే స్కేలును ఎన్నుకొందురు. అంచులను ఒక పొరలోను, కొలతలను మఱియొక పొరలోను ఉంచి, వలసినప్పుడు ఒకదానిని మఱుగుపఱుపవచ్చును. ముందుగా సంబంధములు నిర్ణయించి గీచిన పటములో పీట పొడవు 400కు బదులు 450 అనినచో తక్కిన భాగములును తగినట్లు మాఱును. చేతితో ఒక పూట పట్టు దిద్దుబాటు క్షణములో ముగియును. 2016లో ఆరంభమైన అటల్ ఇన్నొవేషన్ మిషన్ క్రింద నెలకొన్న టింకరింగ్ ల్యాబులలో బాలబాలికలు తాము గీచిన ఆకారమును త్రిమితి ముద్రణ యంత్రముతో వస్తువుగ చేసి చేతబట్టి చూచుకొనుచున్నారు.

అట్లయినచో పెన్సిలు ఏల? కంప్యూటరు గీతను సరిగ గీయును గాని కొలత నిజమో కాదో యెఱుగదు. 400 అనుటకు బదులు 4000 అని కొట్టినచో, నాలుగు మీటర్ల కత్తిపీటను ఏ సంకోచమును లేక చక్కగా గీచి చూపును! ఇంత పీట ఎవరింటనైన నుండునా యని నవ్వవలసినది మనమే. ఆ నవ్వు కలుగుటకు కంటిలోను వ్రేళ్లలోను కొలత నాటియుండవలెను. కొలబద్ద పట్టి, మూలమట్టము నానించి, తప్పిన గీతను చెఱిపి మరల గీచిన బాలునకు 40 సెంటీమీటర్లన నెంతయో చేతికి తెలియును. యంత్రము వేగము నిచ్చును. వివేకమును ముందుగా మనము తెచ్చుకొని దాని యెదుట కూర్చుండవలెను.

తలిదండ్రులకు ఒక మాట. పదవ తరగతి పిమ్మట ఐ.టి.ఐ.లలో రెండేండ్ల సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ శిక్షణ కలదు. పాలిటెక్నిక్‌లలో డిప్లొమా చదువును కలదు. ఇవి బాలురకే గాక బాలికలకును తగినవి. ఉద్యోగము మాట యటుంచినను, ఇల్లు కట్టించుకొను కుటుంబము తాను చదువలేని ప్లానుపై సంతకము చేయుట ఎంత విచారకరము! గది వెడల్పెంతో, ద్వార మెటు తెఱచుకొనునో, మెట్లకు చోటు చాలునో లేదో గోడ లేచిన పిమ్మట తెలిసినచో, కూలగొట్టు ఖర్చు ఆ యింటివారిదే. కూడబెట్టిన ధనమంతయు పోయునప్పుడు ఆ కాగితమును చదివి చెప్పగల బిడ్డ ఇంటనుండుట కొలదిపాటి మేలు కాదు.

విద్యార్థులారా! ఈ సెలవులలో మీ యింటి కత్తిపీటను, పెద్దలు దగ్గఱ నుండగా, జాగ్రత్తగా కొలువుడు. మూడు చూపులు గీచి అంకెలు వేయుడు. దానినెన్నడు చూడని స్నేహితునకు ఆ కాగితము నిచ్చి, మీరు నోరు మెదపక, అట్టముక్కతో ఆ వస్తువును చేయుమనుడు. అతడు మిమ్ములను ఒక్క ప్రశ్నయు అడుగక చేయగలిగినచో మీ పటము పూర్తియైనది. అడిగినచో, అతడడిగిన చోటనే మీ పటమున ఒక కొలత కొఱవడినదని తెలిసికొని, దానిని వ్రాసి మరల ఇయ్యుడు.