కుడిపక్క చారలు

చారలగుర్రమంటే మనం జంతుప్రదర్శనశాలలో చూసే జీబ్రా ఒక్కటే అనుకుంటాము. దానికి పెద్దన్నవంటిది గ్రెవీ జీబ్రా. ఉత్తర కెన్యాలోను, ఇథియోపియాలోను మాత్రమే మిగిలి ఉన్నది. సన్నని చారలు, చేటలవంటి గుండ్రని చెవులు, తెల్లని పొట్ట. 1882లో అబిసీనియా నుండి ఫ్రాన్సు అధ్యక్షుడు జూల్ గ్రెవీకి కానుకగా వెళ్ళినందున ఆ పేరు వచ్చినది.

1970 దశకం చివర 15 వేలదాకా ఉండేవి. నేడు మూడువేలకు అటూ ఇటూ. మొదట చారల తోలుకోసం చంపారు. 1977లో కెన్యా వేటను నిషేధించినది. తరువాత తగవు నీటిదగ్గరికి వచ్చినది. ఎండిన వాగులో చెలమ తవ్వుకున్న సంబూరు కాపరి పగలంతా తన పశువులకే నీరు పెట్టుకుంటాడు. అతనిని తప్పుపట్టడానికి మాకు నోరు రాదు. తక్కిన జీబ్రాలు అయిదు రోజులదాకా ఓర్చుకుంటాయి గాని పాలిచ్చే తల్లి ఓర్వలేదు. చీకటిపడ్డాక రావాలి; సింహాలు తిరిగేదీ అప్పుడే.

ఆ కాపరుల ఇళ్ళలోని ఆడవారూ, యువకులూ ఇప్పుడు వీటికి కాపలా కాస్తున్నారు. 2016 జనవరిలో వందలాదిమంది రెండు రోజులు తిరిగి ఫోటోలు తీశారు. మన వేలిముద్రలలాగే ఏ రెండింటి చారలూ ఒకటిగా ఉండవు. అయితే అందరూ కుడిపక్కనే తీయాలట! ఎడమపక్క కూడా కలిపితే ఒకే జంతువు రెండుసార్లు పద్దుకెక్కుతుంది. చిట్టాలు రాసి బ్రతికే మాకు ఈ నియమం ఎంతో నచ్చినది. ఫోటోలను కంప్యూటరుతో పోల్చి తేల్చిన లెక్క, కెన్యావరకు, 2,350. 2018లో 2,812.

2022 కరువులో ఫిబ్రవరి నుండి అక్టోబరు లోపల 49 చనిపోయాయి. ఆ ఏడు ఎండుగడ్డి తెచ్చివేసి కొన్నింటిని నిలబెట్టుకున్నారు.