వైద్యానికి తోడైన సమాచార విజ్ఞానం

ఆరోగ్యమే మహాభాగ్యమన్నారు పెద్దలు. ఆ భాగ్యాన్ని కాపాడుటకు ఔషధమెంత అవసరమో, రోగిని గూర్చిన సమాచారం సకాలంలో వైద్యునికి అందుటయు అంతే అవసరం.

2000 సంవత్సరంలో చిత్తూరు జిల్లా అరగొండలో ఉపగ్రహం ద్వారా దూరవైద్యం ఆరంభమైంది. పల్లెలోని రోగిని నగరంలోని నిపుణుడు తెరపై చూడగలిగినాడు. మన వికారాబాదు జిల్లాకు 2021లో తెలంగాణ డయాగ్నొస్టిక్స్ పరీక్షా కేంద్రం వచ్చింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో సేకరించిన రక్తం అక్కడికి చేరుతుంది. యంత్రం తేల్చిన ఫలితాన్ని కంప్యూటరు ఆరోగ్య కేంద్రానికీ, రోగి సెల్‌ఫోన్‌కూ పంపుతుంది. దౌల్తాబాద్ వంటి మండలాల పేదలకు నివేదిక కొరకే మరల బస్సెక్కవలసిన శ్రమ తప్పుతుంది.

అయితే యంత్రం అంకెను తెచ్చునే గాని అర్థాన్ని చెప్పదు. రక్తంలో చక్కెర 130 అని వచ్చిందనుకొందాం. పరగడుపున ఆ అంకె మధుమేహాన్ని సూచిస్తుంది. భోజనమైన రెండు గంటలకు వచ్చిన అదే అంకె సాధారణమే. రక్తాన్ని తగిన జాగ్రత్త లేక నిలవయుంచినచో అందలి కణములే చక్కెరను వాడుకొనుటచే అంకె తగ్గిపోతుంది. ఆ లోపాన్ని ఏ కంప్యూటరూ సరిదిద్దజాలదు.

పైగా నివేదికలు సాధారణంగా ఆంగ్లంలో ఉంటాయి. చదువురాని వృద్ధురాలికి అవి చేతికందియు అందనట్లే.

విద్యార్థినీ విద్యార్థులారా! తెలుగు, ఉర్దూ భాషలు రెండూ మెలగే కళాశాల మనది. పొరుగువారి నివేదికను వారి భాషలో చదివి వినిపించుదాం. పరగడుపున తీసిన రక్తమా అని అడుగుదాం. వైద్యుని వద్దకు తోడు వెళ్లుదాం. వారి వ్యాధిని మాత్రం మరొకరి చెవిన వేయరాదు.